చీనీ చెట్టు, తాత బండ

ప్రొద్దుటూరులో మా పెరట్లో ఉన్నది ఒకే ఒక చీనీ చెట్టు, అంటే బత్తాయి. పులివెందులలో చీనీతోట చేసే మా మేనమామ ఇచ్చిన అంటు అది. దానికి ఏమన్నా అయితే నాకు అన్నం సయించదు.

పక్కింటి ముస్లిం తాత దర్జీపని మానేసి చాలా ఏళ్ళయింది. మా రెండిళ్ళ మధ్య గోడకున్న చిన్న తలుపు తీసుకుని వచ్చి, ఆ చెట్టు నీడన బండ మీద కూర్చుని, నమాజుకు ముందు వజూ చేసుకునేవాడు. కాళ్ళూ చేతులూ కడిగిన నీళ్ళు వృథా కాకుండా చెట్టుకు పోతాయని ఆయన ఆలోచన. నాకూ అది బాగానే ఉండేది, చెట్టుకు జబ్బు చేసేదాకా.

ఒకరోజు చూస్తే మొదలు దగ్గర బెరడు పగిలి తేనె రంగు బంక కారుతోంది. పైన ఆకులు పసుపెక్కాయి. నా నోటికి అదుపు ఎప్పుడూ లేదు.

"పూటపూటకూ నీళ్ళు పోసి పోసి మొదలు కుళ్ళబెట్టినావు కదా తాతా!" అనేశాను.

ఆయన బండ మీద నుంచి లేచాడు. చెంబు తీసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి రోజు నుంచి ఆ తలుపు తెరుచుకోలేదు.

ఫోన్ చేస్తే మామ బస్సెక్కి వచ్చాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మొదలు దగ్గర గొంతుక్కూర్చుని మన్ను తవ్వడం మొదలుపెట్టాడు.

"ఈ మన్ను ఎవురు ఎగేసినారు?"

"నేనే మామా. బలంగా ఉంటాదని ఎరువు కలిపి ఎగేసినా."

"బలమా! అంటు కట్టిన చోటు పూడ్చిపెట్టినావు కద పాపా. ఈడ ఎప్పుడూ తడి తగుల్తాంటే బంక కారక ఏమయితాది?"

"మరి తాత నీళ్ళు?"

"ఆ బండ యాడుంది, మొదలు యాడుంది? చెంబెడు నీళ్ళు ఈడిదాకా వస్తాయా?"

సిగ్గుతో చచ్చిపోయాను. మామ కుళ్ళిన బెరడును కత్తితో గీకేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్దను కుంచెతో పూశాడు. మొదలుకు నీళ్ళు తగలకుండా దూరంగా గుండ్రటి పాది తీశాడు. బతుకుతుందా అని అడిగితే, కొత్త చిగురు వస్తే చూద్దాం అన్నాడు.

చిగురు వచ్చేదాకా నేను ఆగలేకపోయాను. ఆ సాయంత్రమే పక్కింటికి వెళ్ళాను.

"తప్పు నాదే తాతా. మన్ను ఎగేసింది నేను, మాట అన్నది నిన్ను."

"చెట్టు ఎట్లుంది?" అన్నాడు ముందు.

మామ చేసిందంతా చెప్పాను. విని, గూట్లో ఉన్న చెంబు అందుకుని గోడ తలుపు వైపు నడిచాడు.

"నువ్వు మన్ను ఎగేసిన దినమే అనుకుంటి, శానా ఎక్కువైందని. అంత ముచ్చటపడి చేస్తాండావు, చెప్తే నొచ్చుకుంటావని ఊరకుంటి."