ఒక్క ప్లగ్గు మీద నడిచిన గిటార్

నా చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇస్తే చచ్చిన రేడియో కూడా లేచి వార్తలు చదువుతుందని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టించింది నేనే. అయినా అబద్ధం కాదు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. నా రిపేరు దుకాణానికి పక్క గల్లీ తమ్ముడొకడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఆదివారం చర్చిలో, మిగతా రోజులు ఉద్యమ పాటలు ఆడిపాడే ధూంధాం బృందంలో గిటార్ వాయించేవాడు. కాలితో తొక్కే స్విచ్చుల పెట్టెను నా బల్ల మీద పెట్టాడు. అది తొక్కితే ఆంప్లిఫయర్ గొంతు మారుతుంది. ఒక పాటకు మెత్తగా, ఇంకో పాటకు గరగరగా.

"ఖరాబైందారా?"

"పెట్టె మంచిగనే ఉందన్నా. ఆడెటోళ్ల కాళ్లు తాకి దీని అడాప్టర్ ఊడుతున్నది. మొన్న సరూర్‌నగర్‌ల గరగర మీదనే ఆగిపోయింది. మెత్తగ మోగాల్సిన అమరుల పాట మొత్తం గట్లనే మోగింది!"

"మీ అక్క ఏమన్నది?" అక్కంటే బృందాన్ని నడిపే గాయని.

"ఇంకోపాలి గట్లయితే గిటార్ ఇంట్ల పెట్టి రా, మాకు డప్పు సాలు అన్నది."

ఎల్లుండే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే వండుకుని, తిని, పాడే నిరసన. "నేనున్న కదరా" అన్నాను.

ఆంప్ నుంచి పెట్టెకు ఎలాగూ ఒక కేబుల్ వెళ్తుంది. దాని ప్లగ్గుకు ఐదు పిన్నులుంటే మూడే పనిచేస్తాయి; మిగతా రెండూ ఇల్లరికపుటల్లుళ్లు. అడాప్టర్ పగలగొట్టి, దాని పేగులన్నీ ఆంప్ లోపల బిగించి, ఆ రెండు పిన్నులకూ కరెంటు పంపాను; ఇక పెట్టెకు వేరే ప్లగ్గు అక్కర్లేదు. పెట్టె లైటు వెలగలేదు. తమ్ముడు ప్రార్థన మొదలుపెట్టాడు. నేను కేబుల్ కోశాను. పిన్నులు ఐదున్నా లోపల తీగలు మూడే! ఐదు తీగల ఇంటర్‌కామ్ వైరు తెచ్చి కొత్త కేబుల్ కట్టాను. ఆ ఎర్ర లైటు చూసి మెయిన్ రోడ్డు మీద బస్సులాగాయంటే మీరు నమ్మరు, కాబట్టి చెప్పను.

చౌరస్తాలో కరెంటు ఇచ్చింది బెజవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన టీకొట్టాయన. "ఒక్క ప్లగ్గేనండీ. రెండోదాంట్లో ఫ్రిజ్జుంది, తీస్తే పాలు విరిగిపోతాయండి."

"ఒక్కటి సాలు" అన్నాను మీసం దువ్వుతూ.

కేబుల్ ఊడకుండా ఒక కొసను ఆంప్ పిడికీ, ఇంకో కొసను పెట్టెకూ తువ్వాలలతో ముడేశాను. పాట ఊపందుకుంది. ఆడుతున్న అక్క గజ్జెల్లో కేబుల్ చిక్కుకుంది. ఆమె చూసుకోలేదు, ఆగలేదు. ముందు పెట్టె జారింది, దాని వెనక చక్రాల ఆంప్ కదిలింది, దాని వెనక గిటార్‌తో తమ్ముడు స్విచ్చు కోసం ఒక కాలు ఎత్తిపెట్టి ఒంటికాలి మీద గెంతుతూ, వాడి వెనక కరెంటు వైరు వదులుతూ నేను. పొయ్యిల మధ్యగా, అన్నం గుండిగ పక్కగా ఊరేగాం. ఒక్క స్వరం తెగలేదు.

అమరుల పాట అందుకునే ముందు వాడు ఆంప్‌ను దాటి ముందుకు గెంతి స్విచ్చు తొక్కాడు. గొంతు వెన్నలా మెత్తబడింది. అక్క తల తిప్పింది. ఎప్పుడూ డప్పుల వెనక నిలబడేవాడు తన భుజం పక్కనున్నాడు.

"గింత ముంగట్కి ఎట్ల ఒచ్చినవ్‌రా?"

"నువ్వే గుంజుకొచ్చినవక్కా!"

ఆమె కాళ్లకేసి చూసుకుని పకపకా నవ్వింది. వంగి గజ్జెల్లోంచి కేబుల్ విడిపించి, పెట్టెను వాడి కాలి దగ్గరికి జరిపింది.

"ఒచ్చినోనివి మల్ల ఎనకకు పోకు. ఈణ్నే ఉండి కొట్టు."