నాయన వేసిన అదనపు చుట్టు

పుంగనూరులో మాది పలుపుతాళ్ల అంగడి. గిరాకీ ముఖం చూసి ధర చెప్పడం నాకు మాటలతోపాటే వచ్చింది. మదనపల్లెలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతూ, సెలవు రోజుల్లో కుప్పం వెళ్లి జడల గణితం మీద పరిశోధన చేస్తున్నప్పుడు కూడా ఆ బుద్ధి పోలేదు.

జడ అల్లి, పై కొసలను కింది కొసలతో కలిపేస్తే మొదలూ చివరా లేని అల్లిక అవుతుంది. దాన్ని లింకు అంటారు. చూడ్డానికి పోలికే లేని రెండు జడలు ఒకే లింకును ఇవ్వవచ్చు. వాటిని పోల్చడానికి హోమాలజీ అనే పద్ధతి ఉంది. అది ప్రతి లింకుకూ ఒక అంకెల పట్టిక కడుతుంది. తాడును తెంచకుండా ఎంత లాగినా, మెలిపెట్టినా ఆ పట్టిక మారదు. రెండు పట్టికలు వేరైతే లింకులూ వేరే. అక్కడ బేరం లేదు.

నా థీసిస్‌లో మూడో అధ్యాయమంతా ఒక్క మాట మీద నిలిచి ఉంది: నేను కాగితం మీద రాసుకున్న నాలుగు పాయల జడా, ఒక మూడు పాయల జడా ఒకే లింకును ఇస్తాయని. చేత్తో చేసి చూశాను కూడా. నాయన నా కాగితం ప్రకారం నాలుగు పాయలు అల్లి, కొసలు కలిపి ఇచ్చాడు. దాన్ని తెంచకుండా లాగి, సర్ది, మూడు పాయలకు దించాను. తీరా కాగితంలోని జడకూ, ఆ మూడు పాయల జడకూ కంప్యూటర్లో పట్టికలు కట్టిస్తే రెండూ కలవలేదు.

"చానా గడులు సరిపోతాండాయి మేడం," అన్నాను మా గైడుతో.

"మిగతావి తగ్గించుకోమంటావా? ఇది సంత కాదప్పా. పోయి ఆ తాడు మళ్లా సూడు."

పుంగనూరు వచ్చి, నాయన ముందు కాగితం పెట్టి అదే జడ మళ్లీ అల్లమన్నాను. పక్కన కూర్చుని, పాయ మీద పాయ దాటిన ప్రతిసారీ లెక్కపెట్టాను. కాగితంలో ఉన్నది అయిపోయింది. ఆయన చెయ్యి ఆగలేదు. ఒక పాయను పక్కపాయ చుట్టూ పూర్తిగా ఒకసారి తిప్పాకే కొసలు కలిపాడు.

"అదేంది నాయనా? కాగితంలో లేదే."

"కాగితంలో యాల ఉంటాది? ఆ చుట్టు లేకుంటే అల్లిక జారిపోతాది. మీ తాత కాడి నుంచీ ఏస్తాండాము."

"నాకు చెప్పచ్చు గదా."

"తాళ్ల అంగిట్లో పుట్టినోనికి అదీ చెప్పాల్నా?"

నిజమే. ఆ చుట్టు నేనూ లెక్కలేనన్నిసార్లు వేశాను. అది కొసలు కట్టే పనిలో భాగమే తప్ప అల్లికలో భాగమని ఎన్నడూ తోచలేదు. నేను మూడు పాయలకు దించింది నా జడను కాదు, ఆయన జడను. ఆ చుట్టు తీసేసి వారం రోజులు లాగాను. దిగలేదు.

అధ్యాయం పోయిందనుకుంటూ కుప్పం వెళ్లి, ఉన్నది ఉన్నట్టు మేడంకు చెప్పాను. ఆమె రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మూడు పాయలది మీ నాయన జడ పట్టికే. ఒక చుట్టు ఎక్కువైతే లింకే మారిపోయిందని ఇవి రుజువు చేస్తాండాయి గదా. సమానమని రాసిన చోట వేరని రాయి. అధ్యాయం నిలబడతాది."

నాకు ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే అంగడి బుద్ధి కూడా.

"అయితే మేడం, వేరని చూపినందుకు ఒక అధ్యాయం, తప్పు యాడ దొర్లిందో చెప్పినందుకు ఇంకొకటి..."

"ఒక్క అధ్యాయమే," అన్నారామె, కాగితాలు నా వైపు తోసి.