డబ్బా బాబాయి

కాఫీ పళ్ళ తొక్క తీసే షెడ్డులో తూము తిప్పే మనిషిని వాగు పొడవునా అందరూ డబ్బా బాబాయి అంటారు. పళ్ళు కడిగిన మురుగుతో తొట్టి నిండగానే దాన్ని వాగులోకి వదలడం అతని పని. వదిలే ముందు రేకు డబ్బా మీద కర్రతో మూడు దెబ్బలు కొడతాడు. యజమాని చెప్పింది కాదు, తనంతట తాను పెట్టుకున్న నియమం. చప్పుడు వినగానే దిగువన ఆడవాళ్ళు గబగబా బిందెలు ముంచుకుని ఒడ్డెక్కేసేవారు. పులిసిన గుజ్జు వాసన ఎంత తోమినా అతని చేతిని వదలదు. అందుకే ఇంట్లో చెంచాతో తింటాడు. "దొరగారు వేంచేశారు" అని భార్య ఎగతాళి చేస్తే నవ్వేస్తాడు.

మొన్న దిగువనుంచి చెల్లెలు షెడ్డుదాకా ఎక్కి వచ్చింది. ఆమె కాళ్ళనిండా దద్దుర్లు.

"డబ్బా కొట్టడం మానెయ్ అన్నయ్యా," అంది.

"అదేంటే, మీకోసమేగా!"

"ఇదివరకు నువ్వు వదిలాక పూట గడిస్తే నీళ్ళు తేటపడేవి. ఇప్పుడు ఎప్పుడు చూసినా అదే నలుపు, అదే కంపు. తాగేనీళ్ళకి కొండెక్కుతున్నాం. చూపు ఆనని మా అత్త మాత్రం నీ చప్పుడు వింటే చాలు, బిందె పట్టుకుని వాగుకి పరిగెడుతోంది. నిన్న జారి పడింది."

మర్నాడు తొట్టి అంచుదాకా నిండింది. అతను కర్ర ఎత్తి, కాసేపు అలాగే పట్టుకుని, మెల్లగా కింద పెట్టేశాడు. తూము తిప్పాడు. నల్లటి నురగ వాగులోకి దూకింది. దాని వెంటే చూస్తుంటే, వంపు దగ్గర చెల్లెలి అత్తగారు కనిపించింది. ఇంకా డబ్బా మోగలేదుగదా అన్న ధీమాతో, తొందరేమీ లేకుండా, బిందె ముంచుకుంటోంది.