ఎక్కువసార్లు ఆగిన బండి

మా మేడమ్ ఇక లేరని పోయిన ఆదివారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఢిల్లీలో, సాకేత్‌లోని ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయారట. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం అలవాటు లేదు. అంతా హిందీలో చెప్పి, చివర్లో మాత్రం "అమ్మ మీ గురించి చెప్తూ ఉండేది" అని తెలుగులో కూడబలుక్కుని అంది.

నా మొదటి ఉద్యోగంలో ఆవిడ నా పై అధికారి. రెండువేల ఎనిమిది, తొమ్మిది నాటి మాట. గుర్గావ్‌లో రోడ్ల మ్యాపులు తయారుచేసే చిన్న కంపెనీ. కంప్యూటర్ల బాగోగులు చూసే గదిలో మేమిద్దరమే. ఆవిడది కాకినాడ, నాది ఖమ్మం. టీ ఎప్పుడూ నిలబడే తాగేవారు. కూర్చుంటే కప్పు మెషీన్ పక్కన పెట్టాలనిపిస్తుందనేవారు.

మా సర్వేయర్లు వ్యాన్లలో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని ఊళ్లు తిరిగేవారు. ఆ కుదుపులకు మామూలు హార్డ్ డిస్కులు పాడైపోయేవి. లోపల తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీదే రాసుకునే ఎస్‌ఎస్‌డీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. పైవాళ్లతో పోరాడి మేడమ్ వాటిని తెప్పించారు. ఆ డ్రైవులు తమ ఆరోగ్యం సంగతి తమలోనే రాసుకుంటాయి: ఎన్ని గంటలు నడిచాయి, లోపల ఎన్ని చోట్లు చెడ్డాయి, ఎన్నిసార్లు కరెంటు అర్ధంతరంగా పోయింది. డ్రైవు వచ్చిన రోజే మేడమ్ వాటిని నోటు పుస్తకంలోకి పెన్సిల్‌తో ఎక్కించేవారు. కొత్తవాటికి ఇదంతా ఎందుకండీ అని అడిగాను.

"బాగున్నప్పుడు ఎలా ఉందో చూసుకోకపోతే, బాగా లేనప్పుడు దేంతో పోల్చుకుంటావమ్మా?" అన్నారు.

ఒక మే నెలలో, ఘాజియాబాద్ చూసే సర్వేయర్ ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. మూడు వారాల పని అందులోనే ఉంది. యాభై దాటిన మనిషి, నోట్లోంచి మాట రావడమే తక్కువ. కింద పడేసి ఉంటాడని పైవాళ్లు తేల్చేశారు. ఉద్యోగం పోయేలా ఉంది. మేడమ్ ఆ వారం సెలవులో ఉన్నారు. డ్రైవును నేనే పరీక్షించాను. చదవబోతే అడుగడుగునా ఎర్రర్లే. అంతకంటే లోతుకు పోకుండా, వాడినవారి నిర్లక్ష్యమే కారణమని రిపోర్టు టైపు చేశాను.

మేడమ్ వచ్చి దాన్ని చదివారు. సంతకం పెట్టలేదు.

"కింద పడితే గీతలు పడ్డానికి ఇందులో పళ్లెం ఏదమ్మా?" అని నెమ్మదిగా అడిగారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మళ్లీ పరీక్షలు మొదలుపెడదామని నేనంటే ఒప్పుకోలేదు. ముందు ఆయన పని బయటికి తీద్దామన్నారు. చదవడానికి వచ్చినదల్లా రెండు రోజుల పాటు వేరే డిస్కులోకి ఎక్కించాం. నాలుగు గల్లీల కొలతలు తప్ప అన్నీ వచ్చాయి. తర్వాత కేబుల్ మార్చాం, వేరే మెషీన్‌కు తగిలించి చూశాం, అవే ఎర్రర్లు. అప్పుడు నోటు పుస్తకం తీశారు. కరెంటు అర్ధంతరంగా పోయిన లెక్క మొదటి రోజు సున్నా. ఇప్పుడు వందల్లో ఉంది. రాస్తుండగా అలా కరెంటు పోయిన ప్రతిసారీ ఇలాంటి డ్రైవు కొంత దెబ్బతింటుంది. మిగతా వ్యాన్ల డ్రైవులు తెప్పించి చూస్తే వాటిలోనూ పెరిగింది గానీ, ఇంత లేదు.

సర్వేయర్‌ను పిలిచి కుర్చీ వేయించారు. ల్యాప్‌టాప్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయని, వ్యాన్ కరెంటు మీదే నడుపుతున్నామని, ఇంజన్ ఆపితే ల్యాప్‌టాప్ కూడా ఆగిపోతుందని ఆయన హిందీలో చెప్పాడు. మరి మీదే ఎక్కువసార్లు ఎందుకు ఆగిందని మేడమ్ అడిగారు.

"ప్రతి గల్లీ దగ్గరా ఆపుతాను మేడమ్‌జీ. బండిలో కూర్చుంటే లోపల ఏముందో కనబడదు. దిగి నడవాలి."

మేడమ్ పెన్సిల్ కింద పెట్టేశారు. అందరికంటే నిజాయితీగా పనిచేసినందుకే ఆయన డ్రైవు అందరికంటే ముందు పాడైంది.

కొత్త రిపోర్టు ఆవిడే రాశారు. బ్యాటరీలు లేకపోవడమే కారణమని, వాటి కొనుగోలును మరుసటి ఏడాదికి వాయిదా వేసింది తానేనని. ఆ రెండో మాట ఎవరూ అడగలేదు కదా, తీసేయండి మేడమ్ అన్నాను.

"డ్రైవే తన తప్పులు దాచుకోలేదు. నేను దాచుకుంటే ఏం బావుంటుందమ్మా?"

ఆ ఏడాది ఆవిడకు రావలసిన ప్రమోషన్ రాలేదు. దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడగా నేను వినలేదు. పార్కింగ్‌లో డ్రైవర్లందరి ముందూ, తన కాకినాడ యాస హిందీలో, పొరపాటు తనదని సర్వేయర్‌కు చెప్పారు. ఆయన నేల చూస్తూ "ఠీక్ హై మేడమ్‌జీ" అన్నాడు, అంతే. ఇన్నేళ్లలో నేను ఎన్నో రిపోర్టులు రాశాను. మనిషి తప్పని రాసే ముందు ప్రతిసారీ నా చేయి ఆగుతుంది. అది ఆవిడ పెట్టిన భిక్ష.

దొరకని ఆ నాలుగు గల్లీల కొలతల కోసం, రిపోర్టు ఇచ్చిన వారమే శనివారం నాడు మేడమ్ తనే వ్యానెక్కారు, నన్నూ వెంటబెట్టుకుని. ఘాజియాబాద్‌లో ఎండ మండిపోతోంది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నేను వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాను. కొలత టేపు ఒక కొస సర్వేయర్ పట్టుకున్నాడు. చీర కొంగు నడుముకు బిగించి, రెండో కొస పట్టుకుని మేడమ్ గల్లీలోకి నడిచారు. మలుపు తిరిగాక ఆవిడ కనబడలేదు. ఎండలో బిగుసుకుని నిలిచిన పసుపు పచ్చ టేపు, గోడ అవతల నుంచి ఒక్కొక్క అంకే స్పష్టంగా చదువుతున్న ఆవిడ గొంతు.