నమలని ముక్క

ఆ ఏడాది మా ఇంటి మామిడి కొత్త నా దవడ కోసం రెండు వారాలు ఆగింది.

మా కొండల్లో కొత్త పంట ఏదైనా ముందు దేవతకు పెట్టి, ఆ తరువాతే నోట పెట్టుకుంటాం. మామిడికాయకూ అంతే. ఆ పండుగనే మామిడి కొత్త అంటాం. అది అయ్యేదాకా చెట్టు కింద రాలిన పిందెను కూడా ఎవరూ కొరకరు. మా ఇంట్లో ఇంకొక కట్టుబాటు ఉంది: ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ తొలి ముక్క తినేదాకా రెండో ముక్క ఎవరికీ లేదు. కాలేజీ డిబేట్‌లో ఈ ఆచారాన్ని నేను సమర్థించాను. పిందెను కాయ కానిచ్చే వివేకం ఇందులో ఉందని వాదించి కప్పు గెలిచాను. నోరు బాగున్నవాళ్లకు ఆ వాదన సులువని అప్పుడు నాకు తోచలేదు.

శీతాకాలం చివర్లో, డుంబ్రిగుడ సంత నుంచి తిరిగి వస్తున్న జీపు మలుపులో బండను గుద్దింది. ముందు సీటు వెనకనున్న ఇనుప కడ్డీ నా గడ్డానికి తగిలి దవడ రెండు చోట్ల విరిగింది. విశాఖపట్నంలో ప్లేట్లు వేసి, పై పళ్లనూ కింది పళ్లనూ తీగలతో బిగించి కట్టారు. ఆరు వారాలు అమ్మ వడగట్టి ఇచ్చిన రాగి అంబలిని స్ట్రాతో పీల్చాను. తీగలు తీసిన రోజు నోరు దానంతట అదే తెరుచుకుంటుందనుకున్నాను. నా వేలు కూడా పళ్ల మధ్య దూరలేదు.

"ఎముక అతికింది. కండ పని మరిచిపోయింది," అన్నారు డాక్టరు. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టుకుని, వీలైనప్పుడల్లా ఒక్కొక్కటి పెంచమన్నారు. మెత్తని తిండి రెండు వైపులా నమలాలి; గట్టివీ పచ్చివీ ఇంకొన్ని వారాలు ముట్టకూడదు.

ఊళ్లో మిగతా ఇళ్లవాళ్లు మామిడి కొత్త చేసేసుకున్నారు. మేము మాత్రం ఉప్పూ మిరపకాయా నంజుకుని అంబలి తాగుతున్నాం. ఆ సిగ్గు భరించలేక ఒకనాడు ప్రతిపాదించాను:

"పాచిపెంటలో అత్త ఇంటికి పోతాను. ఇంట్లో ఉన్నవాళ్లే కదా తినాలి? నేను ఇంట్లో ఉండను. మీరు కానిచ్చేయండి."

చేటలో సామలు చెరుగుతున్న మామ్మ, నాన్న వాళ్లమ్మ, చెయ్యి ఆపి నాన్నవైపు తిరిగింది.

"సూడ్రా, తీగలేసి కట్టినా దీని నోరు ఊరుకోనేదు. ఇంటి ఆడగుంటని తోలేసి మావిడికాయ తింతామేటే? గొంతు దిగద్దా?"

"ఆగుదాం," అన్నాడు నాన్న. "సెట్టు ఎక్కడికి పోద్ది?"

చెట్టు పోలేదు. కాయలు పోయాయి. గాలికి రాలినవాటిని మామ్మ ఏరి తెచ్చి బుట్టలో వేసేది. అవి ఎవరూ ముట్టకుండానే నల్లబడేవి. బుట్ట పక్కనే కూర్చుని నేను పుల్లలు పెట్టుకునేదాన్ని. ఆ పుల్లని వాసనకు నోట్లో నీరూరి, చెవుల కింద దవడలు పట్టేసేవి. పదకొండు పుల్లల దగ్గర ఆగిపోయాను. ఉడికిన చిక్కుడు గింజ కుడివైపు నలిగేది. ఎడమవైపు పెడితే దవడ వణికేది తప్ప గింజ నలిగేది కాదు. అయినా మూడో వారం రాకముందే, "నా నోరు సిద్ధంగా ఉంది," అని నాన్నకు చెప్పాను. డాక్టరు మాట ఇంట్లో ఎవరికీ గుర్తు చేయలేదు.

నాన్న దేవత రాయి ముందు కాయలు పెట్టి వచ్చాడు. మామ్మ కత్తిపీట మీద పల్చగా కోసి, ఉప్పూ కారం అద్ది, మొదటి ముక్క నా చేతిలో పెట్టింది.

"బేగి కానీయే," అంది అమ్మ. వెంటనే నాలిక కరుచుకుంది. "నేదు నేదు, నిదానంగానే."

కుడి పళ్ల మధ్య పెట్టి నొక్కాను. ముక్క తెగలేదు, జారింది. మళ్లీ నొక్కితే నొప్పి ఎడమ చెవిదాకా పాకింది. ముగ్గురూ నా నోటివైపే చూస్తున్నారు. ముక్కను నాలుక మీదికి తెచ్చుకుని, నములుతున్నట్టు నాలుగుసార్లు దవడ ఆడించి మింగేశాను. అది గొంతులో అడ్డం పడింది. గ్లాసెడు నీళ్లు తాగితే గాని దిగలేదు.

"నవిలేవా?" అంది అమ్మ.

"నమిలాను."

సగం నిజం నిండు అబద్ధమని వేదిక మీద చెప్పిన నోరే ఆ మాట అంది. ఇంట్లో అందరూ తిన్నారు. అమ్మ పచ్చడి నూరింది. నాన్న రెండోసారి అంబలి పోయించుకున్నాడు. ఆ సంతోషమంతా నా అబద్ధం మీద నిలబడి ఉందని నాకొక్కదానికే తెలుసు అనుకున్నాను.

సాయంత్రం మామ్మ కత్తిపీట కడుగుతుంటే పక్కన కూర్చున్నాను.

"మామ్మా, నేను నమల్లేదు. మింగేశాను."

"నాకు ఎరికే."

"ఎలా తెలుసు?"

"మింగినోల్లు నీల్లు తాగుతారు. ఐదేల్లబట్టి నేనూ తాగుతన్నాను."

తడి వేలితో బుగ్గ లాగి చూపించింది. రెండు వైపులా దవడ పళ్లు ఒక్కటీ లేవు. ముందు పళ్లు మిగిలాయి గనక నవ్వినప్పుడు ఎవరికీ తెలిసేది కాదు.

ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో నేను అధ్యాపకులను నిలదీశాను, ఎదుటి జట్ల వాదనల్లో పగుళ్లు వెతికాను. ప్రతి సెలవుకూ మామ్మకు ఇష్టమని వేయించిన వేరుశెనగలు తెచ్చాను. "తరవాత తింతానులే," అని ఆవిడ కొంగున ముడేసుకునేది. ఎప్పుడు తిన్నావని ఒక్కసారీ అడగలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే మీరు ఆగిపోరా? నీకోసం రెండు వారాలు ఆగినోల్లు, నా పల్లు మొలిసేదాకా ఆగుదురేటే?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇద్దరం ఒకే ఇంటి కోసం ఒకే అబద్ధం ఆడాం. నాది ఒక్క పూట కూడా నా కడుపులో నిలవలేదు. ఆవిడది ఐదేళ్లు నిలిచింది. ఇందులో తప్పు ఎవరిదో, కట్టుబాటుదా, ఆవిడదా, అడగని నాదా, తీర్పు చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

"నీ బలం తిరిగొత్తాది. నాది రాదు," అంది మామ్మ, కత్తిపీట గోడకు ఆనించి. "కూకున్నావేటి? పుల్లలు తీయ్."

ఆ సాయంత్రం పన్నెండో పుల్ల దూర్చాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ్మ ఎదురుగా కూర్చుని నా నోటినే చూస్తూ ఉంది, తన నోరు మూసుకుని.