వదిన చేతిలో పొడుగు గ్లాసు

మా వదిన పోయిందని నాకు మొదట చెప్పినవాడు బెల్టుషాపాయన. అందుకే నమ్మలేదు. ఆయన నోటి నుంచి వచ్చిన ఏ మాటనైనా ఇంకో మనిషిని అడగకుండా నమ్మే అలవాటు నాకు లేదు. ఛాతీలో నొప్పి అన్నదనీ, మిర్యాలగూడ దవాఖానాకు తీసుకుపోతుంటే ఆటోలోనే ప్రాణం పోయిందనీ ఆయన చెబుతుంటే, నేను ఆయన ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆ ముఖంలో దుఃఖం కంటే ముందు బరువు దించుకున్న మనిషి తేలిక కనబడింది. కాసేపటికి ఆటో వాకిట్లోకి వచ్చింది. ఆయన చెప్పిన మాట నిజమే. ముఖంలో నేను చూసిందీ నిజమే.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనుమరాలు రాస్తోంది. ఎక్కడన్నా మెత్తగా మార్చి రాసిందేమోనని మధ్యమధ్యలో చదివించుకుంటున్నాను. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలంటారు. చెబుతాను. కానీ ఆమె ఫోటో ఒకటి ఊళ్ళో ఫోన్లలో తిరుగుతోంది. చేతిలో పొడుగు గ్లాసు, గ్లాసులో బుడగలు తేలే బంగారు రంగు నీళ్ళు. ఆ ఫోటోను అడ్డం పెట్టుకుని మూతపడిన దుకాణం తెరవాలని ఒకడు చూస్తున్నాడు. అందుకని మంచి మాటలతో పాటు నా సాక్ష్యం కూడా చెబుతున్నాను.

వదిన నాకు చుట్టం కాదు, గోడ అవతలి మనిషి. ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్ళం. కోదాడ నుంచి మా ఊరికి కోడలై వచ్చింది. మాది మిర్యాలగూడ నుంచి త్రిపురారం పోయే దారిలో సాగర్ కాలువ కింది ఊరు. ఇన్నేళ్ళు మా మధ్య ఉన్నా ఆమె మాట మాత్రం మారలేదు. మేం ‘సూడు’ అంటే ఆమె ‘చూడు’ అనేది. నాట్ల ముఠాకు ఆమే పెద్ద. మడిలో దిగితే తాను ఒక చివర నిలబడి, చెయ్యి నెమ్మదిగా ఆడేవాళ్ళను నడుమ నిలబెట్టేది. అలాగైతే వాళ్ళు వెనకబడ్డ సంగతి గట్టు మీది రైతుకు తెలియదు. ఎవరింట్లో మజ్జిగ ఇచ్చినా ముందు వాసన చూసి తాగేది. “విషం పెడ్తమా వదినా నీకు?” అని నేను కోప్పడితే, “విషమైతే వాసన రాదులే. మురిగిందేమోనని చూస్తున్నా” అనేది.

పట్నం వాళ్ళకు తెలియకపోతే చెబుతాను. లైసెన్సు ఉన్న వైన్స్ దుకాణం మిర్యాలగూడలో ఉంటుంది. అక్కడి సీసాలు తెచ్చి ఊళ్ళో కిరాణం వెనక అమ్మితే అది బెల్టుషాపు. దాని వల్ల వదిన ఇంట్లో, మా ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయించను. ఊరికి తెలుసు. ఆ దుకాణం ముందు నాట్ల ఆడవాళ్ళను కూర్చోబెట్టి మూయించింది వదిన. సీసాలు బయటికి తెచ్చి పగలగొట్టించింది. ఎన్నికలప్పుడు ఊరికే పంచిన సీసాలను కూడా వాకిలి దాటనివ్వలేదు. “ఊరికినే పోసేవాడు ముందు నీ నోరు మూస్తాడు” అనేది. ఆ మాట నాకు బాగా పట్టింది. అప్పటి నుంచి ఎవరేది ఊరికే ఇచ్చినా నాకు అనుమానమే.

ఆమెకు ఒక్కతే బిడ్డ. హైదరాబాదులో హోటల్ పని చదువుకుని శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఉద్యోగంలో చేరింది. అక్కడ లాంజ్ అని ఒక చోటు ఉంటుందట. విమానం వచ్చేదాకా డబ్బున్నవాళ్ళు కూర్చుని తినే గది. పిల్ల వడ్డన చేస్తుందని మొదట అన్నారు. తర్వాత తెలిసింది, ఆమె నిలబడేది సీసాల దగ్గరని. వైను, షాంపేను, ఇంకా నాకు నోరు తిరగని పేర్లవి.

బెల్టుషాపాయన ఊరుకుంటాడా. కల్లంలో అందరూ ఉండగా అన్నాడు.

“ఊర్ల సీసాలు పగలగొట్టిస్తివి, ఎయిర్‌పోర్టుల బిడ్డతోటి పోయిస్తున్నవ్. గిదేం న్యాయం పెద్దమ్మా?”

ఏ మాటకైనా ఎదురు మాట ఉండే మనిషి ఆ రోజు తల వంచుకుని వడ్లు ఎత్తింది.

నాకూ ఆ పిల్ల మీద అనుమానం పట్టుకుంది. పోసే చెయ్యి తాగకుండా ఉంటుందా అని. సెలవు మీద వచ్చినప్పుడల్లా దగ్గరికి తీసుకునే నెపంతో నోరు వాసన చూసేదాన్ని. పిల్ల కనిపెట్టింది.

“అత్తమ్మా, ఊదమంటవా? పోలీసోళ్ళ మిషన్ తెప్పియ్యాల్నా?”

“మిషనెందుకు, నేను లేనా. ఊదు.”

ఊదింది. సోంపు వాసన వచ్చింది. సోంపు ఎందుకు నమిలిందా అని మళ్ళీ అనుమానం.

చివరికి వదినే అంది, “ఇక్కడ కూర్చుని కుళ్ళుకుంటే ఏం తెలుస్తుంది? వెళ్ళి చూసొద్దాం” అని. పిల్ల మా ఇద్దరికీ తిరుపతికి విమానం టికెట్లు తీసింది. విమానం ఎక్కేముందు తాను పనిచేసే గదిలో కూర్చోబెడతానని పైవాళ్ళను అడిగి ఒప్పించింది. వదినను ఎవరన్నా మోసం చేస్తారేమోనని తోడుగా పోయాను తప్ప, నాకు విమానం మోజు లేదు.

ఆ గదిలో నడిస్తే మన అడుగు మనకే వినపడదు. చప్పుడు లేని చోటు నాకు నచ్చదు. ఇడ్లీ నుంచి కేకు దాకా పరిచి పెట్టారు. డబ్బులు అడిగేవాడు లేడు.

“ఎలక్షన్లు ఉన్నయా బిడ్డా గీడ?” అని అడిగాను.

“లేవత్తమ్మా. టికెట్ల, కార్డుల ముందే కట్టించుకుంటరు. ఊరికె ఎవరు పెడ్తరు?”

“మరి మేమేం కట్టినం?”

“మీరు నా చుట్టాలు. తిను జర.”

నేను తినలేదు. వదిన మాత్రం ఇడ్లీ తిని, చట్నీలో ఉప్పు లేదని ఆ పిల్లకే చెప్పింది.

మాకు ఎదురుగా కోటు తొడుక్కున్న ఒకాయన కూర్చున్నాడు. జనం టిఫిన్ తినే వేళకే గ్లాసు పట్టాడు. చిటికె వేసి పిలిస్తే పిల్ల వచ్చి పోసింది. మళ్ళీ చిటికె, మళ్ళీ పోసింది. నల్లకోటు వేసుకుని, కొప్పు బిగించి, సీసా మెడకు తెల్ల గుడ్డ చుట్టి, వంగి పోస్తోంది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇది చూడటానికా ఇంత దూరం వచ్చాం అనుకున్నాను.

ఆయన మళ్ళీ చిటికె వేశాడు. ఈసారి పిల్ల సీసా తేలేదు. పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని వచ్చి, నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయన గొంతు లేచింది. పిల్ల నవ్వు తగ్గలేదు, సీసా కదల్లేదు. ఆయన పెద్దాఫీసరును పిలిపించాడు. ఆ ఆఫీసరూ పిల్ల పక్కనే నిలబడ్డాడు. కోటాయన గొణుక్కుంటూ నీళ్ళు తాగాడు.

పిల్ల మా దగ్గరికి రాగానే అడిగాను, “ఏమన్నవే ఆయనతోని?”

“ఇగ చాలు సర్, ఇంకా తాగితే ఫ్లైట్ ఎక్కనియ్యరు అన్న. ఎక్కువైనోళ్ళకు పొయ్యొద్దు, రూలు.”

“నవ్వుకుంట అన్నవ్?”

“ఏడ్సుకుంట చెప్తే ఇనరత్తమ్మా.”

వదిన అప్పటిదాకా పట్టుకున్న నా చెయ్యి వదిలేసింది. తర్వాత అంది, “ఆయనకు పోసింది నాకూ కొంచెం పట్రా.”

“వద్దమ్మా, ఊర్ల తెలిస్తే నిన్ను బతకనియ్యరు.”

“తెలియనీ. పట్రా.”

పిల్ల పొడుగు గ్లాసులో అడుగున కొంచెం పోసి తెచ్చింది. వదిన అలవాటు కొద్దీ వాసన చూసింది. ఆ గ్లాసు పట్టిన తీరు చూసి పిల్లకు నవ్వొచ్చి ఫోను తీసింది. “ఫోటో దియ్యకే” అని నేను అడ్డం పోతే, “తియ్యనియ్యి వదినా. దాచుకుని తాగితే అప్పుడు తప్పు” అంది వదిన. ఒక్క గుక్క తాగింది. నేను నా కళ్ళతో చూశాను. మిగిలింది బల్ల మీద పెట్టి పక్కకు జరిపింది.

“పులిసిన గంజిలో సోడా కలిపినట్టుంది. దీనికా ఇంత గాజు?”

“ఇది అసలు షాంపేన్ గాదమ్మా, దాని చెల్లెలు. అసలుది బయటి దేశాలకు పోయే ఫ్లైట్ల ముందు సీట్లోళ్ళకు పోస్తరు. పైకి పోతే నాలుక మొద్దుబారుతదట, కింద ఉన్నంత రుచి తెల్వదంట.”

“పైకి పోయినవాళ్ళకు కింది రుచులు తెలియవులే. దానికి విమానమే ఎక్కాలా” అంది వదిన.

విమానంలో నేను ఆమెను నిలదీశాను. “ఎందుకు తాగినవ్ వదినా? గా మాటకు ఊర్ల ఏం చెప్తవ్?”

“తాగానని చెబుతా. తెలియనిదాని మీద ఇన్నాళ్ళు కొట్లాడాం. రేపెవడన్నా అదేంటో తెలుసా నీకు అంటే తెలుసని చెప్పొద్దూ?”

నాకు ఆ జవాబు అప్పుడూ చాల్లేదు, ఇప్పుడూ చాల్లేదు. ఇంకేదో కారణం ఉండే ఉంటుంది. బిడ్డ చేసే పనిని సిగ్గుపడకుండా ఒక్కసారి తన చేతితో పట్టుకోవాలనుకుందేమో. అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

తిరిగొచ్చాక బెల్టుషాపాయన మళ్ళీ ఎత్తిపొడిచాడు. ఈసారి వదిన తల వంచలేదు. “నా బిడ్డ పోస్తుంది, ఇక చాలని ఆపుతుంది కూడా. నువ్వెప్పుడన్నా ఎవడికన్నా చాలన్నావా?” అంది.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఫోటో ఆయన ఫోన్లోనే ఉంది. పిల్ల తన స్టేటస్‌లో పెట్టుకుంటే తీసి దాచుకున్నాడు. ఆమె పోగానే బయటపెట్టాడు. శవం లేవకముందే నాట్ల ఆడవాళ్ళు గుసగుసలాడుకోవడం విన్నాను. “పెద్దామెనే తాగిందట గదా. మరి మనల్ని ఎండల ఎందుకు కూసోబెట్టింది?” అని. బస్టాపు దగ్గర ఆయన గది కిరాయికి తీసుకున్నాడని కూడా అప్పుడే తెలిసింది.

మూడో నాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకుని కూర్చుంటాం. కాకి రాకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. విస్తరి పెట్టగానే బెల్టుషాపాయన కాగితంలో చుట్టిన సీసా తెచ్చి పక్కన నిలబెట్టాడు.

“ఏంది కొడుకా అది?” అని అడిగాను.

“విమానపోళ్ళు తాగే వైను చిన్నమ్మా. సూర్యాపేట పోయి తెచ్చిన. పెద్దమ్మ ఇష్టపడ్డది పెట్టకపోతే పిట్ట ముడ్తదా?”

కాకి కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. జనం నన్నూ సీసానూ మార్చి మార్చి చూశారు. వదిన బిడ్డ లేచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆ పిల్లకు.

“అన్నా, దీనికి బిరడా ఉన్నది. తీసేది తెచ్చినవా?”

తేలేదు. తాళంచెవితో పొడిచాడు, బిరడా సగం విరిగి సీసా మెడలోనే ఇరుక్కుపోయింది.

“ఇన్నేండ్లు అమ్మినవ్, మూత తియ్యరాదు. మూసిన సీసాను పిట్ట ఎట్ల ముడ్తది కొడుకా?” అన్నాను. చావు ఇంట్లో నవ్వకూడదు గాని ముసలివాళ్ళు కూడా నవ్వారు.

ఆయనకు మండింది. “నవ్వుడు గాదు. అందరి ముంగట చెప్పు చిన్నమ్మా. నువ్వు పక్కనే ఉన్నవ్ గదా. తాగిందా, లేదా?”

ఆడవాళ్ళందరి కళ్ళూ నా మీదే. లేదని చెప్పమని అడుగుతున్నాయి ఆ కళ్ళు. లేదంటే ఫోటో చూపిస్తాడు. అవునంటే దుకాణం తీస్తాడు. అంతా లెక్కేసుకునే వచ్చాడు.

“తాగింది. నేను సూసిన,” అన్నాను.

ఆ తర్వాత పైన రాయించినదంతా చెప్పాను. కోటాయన చిటికెలు, మంచినీళ్ళ గ్లాసు, ఒక్క గుక్క, పక్కకు జరిపిన గ్లాసు. ముఠాలో మాతో పాటు నాట్లు వేసే ఒకామె, పెద్దగా నోరు విప్పని మనిషి, కూర్చున్న చోటు నుంచే అంది.

“ఒక్క గుక్క తాగి ఇగ వద్దన్నది గదా పెద్దామె. మా ఇంటాయన గా ఒక్క గుక్క కాడ ఆగి ఉంటే, నేను ఎండల ఎందుకు కూసుంటుంటి?”

బెల్టుషాపాయన సీసా తీసుకుని పోయాడు.

కాకి దిగింది. చేప ముక్క ఎత్తుకుపోయింది. వదిన ఆత్మ చల్లబడిందని కొందరు చేతులు జోడించారు. నేను జోడించలేదు. కాకికి చేపంటే ఇష్టం, అంతే. కాకి సాక్ష్యంతో గెలవాల్సిన మనిషి కాదు మా వదిన.

అయినా ఆయన మీద నా అనుమానం పోలేదు. సాయంత్రం బస్టాపు దగ్గరికి పోయాను. అనుకున్నట్టే కొత్త షట్టరుకు నీలం రంగు వేయించి ఉంది. నేను దానికి ఆనుకుని కూర్చున్నాను. పొద్దున మాట్లాడిన ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత ఒకరి వెనక ఒకరు ముఠా అంతా వచ్చింది. సెలవు దొరక్క డ్యూటీకి పోవాల్సిన పిల్ల కూడా నల్లకోటులోనే వచ్చి బస్సు వచ్చేదాకా మా మధ్య కూర్చుంది. ఆయన దూరంగా బండి మీద కూర్చుని చూసి చూసి వెళ్ళిపోయాడు. రంగు ఇంకా ఆరలేదన్న సంగతి మేం లేచాకే తెలిసింది.

ఆ మరక ఎంత ఉతికినా పోలేదు. ఇప్పుడు ముఠా నాటు వేస్తుంటే నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. వదిన నిలబడే చివరి చోటు ఖాళీగా ఉంది. మిగతావాళ్ళు వరుసగా వంగి ఉన్నారు. బురద నీళ్ళ మీద అన్ని వీపులూ ఒకటే ఎత్తులో కదులుతున్నాయి. ఒక్కో వీపు మీద షట్టరు మడతలు దిగిన నీలం చారలు.