అక్క బిళ్ల

పాతదనాన్ని ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. మెరిసే బంగారాన్ని కాస్త మసకబార్చి, సందుల్లో నలుపు నిలిచేలా పూత పూసి, అద్దాల పెట్టెలో దీపాల కింద పెడితే దాని పేరు యాంటిక్. చేవెళ్ళలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన నాకు పాతదనం ఏ పూతా లేకుండానే వచ్చింది గానీ, నన్నెవరూ అద్దాల పెట్టెలో పెట్టలేదు. మెట్లెక్కితే మోకాళ్ళు గజ్జెల్లా చప్పుడు చేస్తాయి కనుక నేనూ నగల్లోకే వస్తానేమోనని ఒకసారి మా వదినెతో అన్నాను. ఆమె నవ్వలేదు. అప్పటికే ఆమె మనసంతా కూతురి పెళ్ళి నగల మీద ఉంది.

ఆ నగల సంగతి చెప్పాలంటే ముందు మా అమ్మ మెడ సంగతి చెప్పాలి.

అమ్మ మా బాపుకు రెండో భార్య. మొదటి భార్య మా అన్నను కని, వాడికి మాటలు రాకముందే జ్వరంతో పోయింది. మాలో అలా భార్య పోయినవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, పోయినామె పేరు మీద ఒక చిన్న బంగారు బిళ్ల చేయించి కొత్త పెళ్ళికూతురి పుస్తెలతాడులో గుచ్చుతారు. బిళ్ల మీద ఆడమనిషి బొమ్మ ఉంటుంది. మా ఇంటి బిళ్లలో ఆ బొమ్మ కింద ఒక కెంపు కూడా ఉండేది. అది పోయినామె ముక్కుపుల్లలో ఉన్న రాయి. ఆమెకు వాళ్ళ అమ్మమ్మ నుంచి వచ్చిందట, ఆ అమ్మమ్మకు ఎవరి నుంచి వచ్చిందో చెప్పేవాళ్ళు లేరు. సురంగల్‌లో బంగారం పని చేసే అవుసులాయన దాన్ని ముక్కుపుల్లలోంచి ఊడదీసి బిళ్లలో కూర్చాడు.

అమ్మ ఆ బిళ్లను 'అక్క' అనేది. ఎన్నడూ కళ్ళతో చూడని మనిషి. లోకంలో ఆడవాళ్ళకు సవతి పోరు ఉంటుంది. మా అమ్మకు పోరు లేదు, సవతి పేరే ఉంది, అదీ మెడలో.

పేరుకు తగ్గ మర్యాదలూ ఉండేవి. కొత్త చీర వచ్చినా, గాజులు వచ్చినా, మూర మల్లెపూలు వచ్చినా ముందు బిళ్లకు తాకించి, 'అక్కా, నువ్వు కట్టుకో' అని ఒక్క నిమిషం ఆగి, తర్వాతే అమ్మ కట్టుకునేది. ఆ లెక్కన మా అమ్మ జీవితంలో కట్టిన ప్రతి కొత్త చీరా సెకండ్ హ్యాండే. రోజూ స్నానం కాగానే బొటనవేలితో పసుపు తీసి బిళ్లకు రుద్దేది, దాని మీద కుంకుమ పెట్టేది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. అందుకే అన్నను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మెడలోంచి బిళ్ల బయటికి తీసి, 'పెద్దమ్మకు మొక్కు' అనేదట. ఇద్దరమ్మలంటే పిల్లగాడు ఆగమైతడని అమ్మ భయం. అట్లా మా అన్న సొంత తల్లిని పెద్దమ్మ అని పిలుస్తూ పెరిగాడు.

రాళ్ళ మహిమలు చెప్పడానికి మా మేనత్త ఉండేది. స్వాతి చినుకు చిప్పలో పడితే ముత్యం, పాము ముసలిదైతే తలలో మణి, మగనికి కీడు వస్తే కెంపు వెలవెలబోవడం, అన్నీ ఆమె దగ్గరే విన్నాను. అవి వినడానికి అందమైన కథలు. కానీ మేనత్త వాటిని అందం కోసం చెప్పేది కాదు. నాకు జ్వరం వచ్చినా, బర్రె పాలు ఇగిర్చినా సరాసరి అమ్మ దగ్గరికి వచ్చి బిళ్ల పట్టుకుని చూసేది.

"సూడు, రాయి నల్లగైంది. పెద్దదానికి కోపమొచ్చినట్టున్నది. ఏం తక్వ జేసినవ్?"

"ఏం జెయ్యలే వదినె."

"చెయ్యకపోతె ఎందుకలుగుతది? ఒక్కపొద్దుండు."

అమ్మ ఆ పూట అన్నం మానేసేది. రాయి చుట్టూ పట్టింది పసుపు మురికీ పొయ్యి పొగా అని నేను పెద్ద చదువరిలా చెప్పేదాన్ని. "నీకేం ఎర్క, ఊకో" అనేది అమ్మ. కెంపు అలిగితే అన్నం మానాల్సింది కెంపు కదా అని కూడా అన్నాను. దానికి నా వీపు కెంపెక్కింది.

టీచరునయ్యాక ఒకసారి ఈజిప్టు పాఠం చెప్పి ఇంటికొచ్చి, ఆ కథ అమ్మకు చెప్పాను. పాత కాలంలో అక్కడ పోయినవాళ్ళ మెడ దగ్గర ఎర్రరాతి తాయెత్తు పెట్టి పంపేవాళ్ళట, దారిలో ఏ భయమూ లేకుండా.

అమ్మ బియ్యం ఏరుతూ వింది. "మంచిదే గద. ఆళ్ళ రాయి ఆళ్ళే కొంటవోయిన్రు. ఈమె నాకిచ్చి పోయింది."

తల ఎత్తకుండా అన్న ఆ మాటలో ఎంత కోపం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈజిప్టులో చచ్చినవాళ్ళ మెడకు రాయి కట్టారు. మా దగ్గర బతికున్నదాని మెడకు చచ్చినదాన్ని కట్టారు. నేను ముప్పై ఏళ్ళు బడి గోడల మధ్య నాగరికతల గురించి చెప్పినదాన్నే గానీ, ఈ పాఠం ఏ తరగతిలోనూ చెప్పలేదు.

బాపు పోయిన పదోనాడు ఆడవాళ్ళు అమ్మ చుట్టూ చేరి పుస్తెలు తీశారు. అమ్మ ఏడవలేదు, మెడ వంచి కూర్చుంది. మేనత్త తాడులోంచి బిళ్లను వేరు చేస్తుంటే మాత్రం చెయ్యి పట్టుకుంది.

"అక్కనెందుకు తీస్తున్నరు వదినె? ఆమె నాతోని ఉంటది."

"ఆమె ముత్తైదువగ పోయింది. ముండమోపి మెడల ఎట్లుంటది?"

"ఇన్నేండ్లు నేనే మోసిన గదా."

"మోసినవ్. ఇగ దించు."

పెద్దకొడుకు ఇంట్లో ఉండాలని తీర్పు చెప్పి, బిళ్లను అన్నకు ఇచ్చారు. అన్న ఇల్లు మొయినాబాద్‌లో. దేవుని గూట్లో కుంకుమ భరిణెలో పెట్టాడు. అమ్మ నాతో చేవెళ్ళ వచ్చేసింది. మేనత్త నోటికి భయపడి అప్పుడు ఎదురు చెప్పలేకపోయాడు గానీ, అన్నకు మనసులో ఉంది. వచ్చినప్పుడల్లా అమ్మ పక్కన మంచం మీద కూర్చుని అనేవాడు.

"ఫికర్ చెయ్యకమ్మా. బిడ్డ పెండ్లికి నిన్ను తోల్కపోత గదా, ఆనాడు పెద్దమ్మను తెచ్చి నీ చేతులనే వెడ్త. ఎవలేమంటరో నేను జూస్కుంట."

ఆ మాట మీద అమ్మ కాలం గడిపింది. అప్పటిదాకా కొత్త చీర ఒక్కటీ కట్టలేదు. అక్కకు చూపకుండా ఎలా కడుతుంది? నేను దసరాకు ఒకటి, ఉగాదికి ఒకటి తెస్తూనే ఉన్నాను. ఆమె అంచు తడిమి, మంచిగున్నదని, అల్మారాలో పెట్టమనేది. పాత చీరలే ఉతికి ఉతికి కట్టేది. బొటనవేలు మాత్రం స్నానం కాగానే అలవాటుగా మెడ దగ్గరికి వెళ్ళి, ఏమీ దొరక్క, ఎముక మీద కాసేపు ఆగేది.

పెళ్ళి దగ్గరపడ్డాక అన్న కారు పంపాడు. అల్మారాలోని చీరల్లోంచి వక్కరంగు చీర ఒకటి అమ్మే ఎంచుకుంది. అక్కకు చూపించి పెళ్ళిలో కట్టుకుంటానంది. సంచి డ్రైవర్‌కు ఇవ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుని మొయినాబాద్ దాకా వచ్చింది. దారి పొడవునా ఫంక్షన్ హాళ్ళ గేట్లకు బంతిపూలు కడుతున్నారు.

మేం వెళ్ళేసరికి నగలు వచ్చి ఉన్నాయి. అన్న కూతురు పెట్టె తెరిచి అమ్మ ముందు పెట్టింది.

"నాయనమ్మా, చూడు. ఫుల్ యాంటిక్. రాణులు ఏస్కునేది ఇట్లనే ఉంటుండెనంట."

పెద్ద హారం. గుండ్లు, మధ్యలో లక్ష్మి, చుట్టూ నెమళ్ళు. నిన్నగాక మొన్న కొలిమిలోంచి వచ్చినా, దాని నల్లబారిన సందులు చూస్తే భూమిలోంచి తవ్వి తీశారేమో అనిపించేలా ఉంది.

"మస్తుగున్నది బిడ్డా. ఇప్పుడే మెడల ఏస్కోకు. ముందుగాల పెద్ద నాయనమ్మకు చూపియ్యాలె." అమ్మ అన్న వైపు తిరిగి చెయ్యి చాచింది. "ఏదీ, అక్కను తే నాయనా."

వరసకు పెద్ద నాయనమ్మ అంటున్నాం గానీ, ఆ పిల్లకు సొంత నాయనమ్మ ఆమే.

అన్న నవ్వుకుంటూ దేవుని గూటి దగ్గరికి వెళ్ళాడు. భరిణె మూత తీశాడు. కుంకుమలో వేలు పెట్టి తిప్పాడు. వంటింట్లోంచి వదినె చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"గా భరిణెల లేదు. ఇంటికి రంగులేసినప్పుడు నేనే తీసి బంగారం డబ్బల వెట్టిన."

"ఏ డబ్బల?"

"గదే. షాపుకు తీస్కపోయిన డబ్బల."

అన్నే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు, మాకు చెప్తున్నట్టు కాదు, తనే గుర్తు తెచ్చుకుంటున్నట్టు. ఇంట్లో ఉన్న పాత నగలన్నీ ఇచ్చి ఈ హారం చేయించారు. షాపులో వాటిని ముందు ఏదో నీళ్ళలో కడిగి, బ్రష్‌తో తోమి, పళ్ళెంలో పేర్చారు. షాపాయన ఒక బిళ్లను విడిగా ఎత్తి పట్టుకుని అడిగాడట, ఇదేంది సార్, రాయి తప్ప అంతా సాపుగున్నది, ఉంచుకుంటరా అని.

"నేనే అన్న," అన్నాడు అన్న. "ఉత్త బిళ్లనే, వెయ్యుమన్న."

ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ మెడలో పసుపుతో, కుంకుమతో చూసిన బిళ్ల అది. భరిణెలో ఉన్నా కుంకుమలో మునిగే ఉంది. కడిగిన మొహంతో దాన్ని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ చూడలేదు.

"దాని మీద బొమ్మ లేదమ్మా," అన్నాడు మళ్ళీ, చిన్నపిల్లాడు తగువాడినట్టు. "బొమ్మ ఉంటె నేను గుర్తువట్టకపోదునా?"

అమ్మ తన బొటనవేలు చూసుకుంది. "బొమ్మ ఎట్లుంటది బిడ్డా? రోజు నేనే రుద్దితి గదా."

వదినెకు ఏడుపొచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలని లోపలికి పరుగెత్తి, చిన్న ప్లాస్టిక్ కవరు తెచ్చింది. నగలు కరిగించే ముందు రాళ్ళు ఊడదీసి వాపసు ఇస్తారు. అందులో ఆమె పుట్టింటి కమ్మల రాళ్ళు, ఎవరివో ఉంగరాల రాళ్ళు, అన్నీ ఎర్రవే, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. అన్న వాటిని అమ్మ అరచేతిలో పోశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో తడిమింది. కొన్నిటి దగ్గర ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"అన్ని ఒక్కతీరె ఉన్నయి."

"ఏదో ఒకటి పెద్దమ్మ అనుకో అమ్మా. బిళ్ల మల్ల చేపిస్త. బొమ్మ గూడ కొట్టిపిస్త."

"ఏదో ఒకటి అనుకుంటె అక్క ఎట్లయితది?"

రాళ్ళు తిరిగి కవర్లో పోసి ఇచ్చేసింది. తర్వాత హారం పెట్టెను దగ్గరికి లాక్కుంది. దేవుని గూట్లోని పసుపు పళ్ళెం కూడా తెచ్చుకుంది. బొటనవేలికి అద్దుకుని, హారం ఒక కొస నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క గుండు తిప్పి చూడసాగింది.

"ఇంతట్ల యాడున్నవే అక్కా," అంది, చాలా మామూలుగా, తప్పిపోయిన సూదిని అడిగినట్టు.

"నాయనమ్మా! పసుపు పట్టియ్యకు, పాలిష్ పోతది!"

పిల్ల మాటలో తప్పు లేదు. దాని పెళ్ళి, దాని నగ, పూతతో సహా. వదినె పెట్టెను మెల్లగా పక్కకు జరిపింది. అమ్మ పసుపు వేలు కాసేపు అట్లాగే గాలిలో ఉంది. తర్వాత కట్టుకున్న పాత చీర కొంగుకే తుడుచుకుంది.

వక్కరంగు చీర సంచిలోంచి బయటికి రాలేదు. పెళ్ళిలో అమ్మ పాత చీరతోనే వెనక వరసలో కూర్చుంది. చుట్టాలు నన్ను పక్కకు పిలిచి, టీచరు జీతం తిన్నదానివి తల్లికి చీర కొనలేవా అన్నారు. కొన్నాను గానీ అది ఇంకా సెకండ్ హ్యాండ్ కాలేదని చెబుదామనుకున్నాను. చెప్పలేదు, నవ్వేశాను. నగ అనే మాట నగవులోంచే పుట్టిందేమో, ఎవరికి తెలుసు.

పెళ్ళి ఆల్బమ్ వచ్చాక చూశాను. 'సార్, జర ఇటు చూడున్రి' అని ఫోటోలు తీసేవాళ్ళు ఎన్నిసార్లు అరిచారో గానీ, అన్న ఒక్క ఫోటోలో కూడా కెమెరా వైపు చూడలేదు. అన్నిట్లోనూ కూతురి మెడ వైపే చూస్తున్నాడు. తల్లి ఫోటో ఒక్కటీ లేని మనిషికి ఆ రోజు తల్లితో దిగిన ఫోటోలు ఆల్బమ్ నిండా వచ్చాయి. ఆమె ఎక్కడుందో మాత్రం ఏ ఫోటోలోనూ కనబడదు.

పోయిన దసరాకు మళ్ళీ చీర తెచ్చాను, చిలకపచ్చది. అమ్మ అంచు తడిమింది.

"మంచిగున్నది. అల్మారల వెట్టు."

"కట్టుకోమ్మా. ఇగ ఎవలకు చూపియ్యాలె? నాకు చూపియ్యి. నేను గూడ యాంటికే గదా."

అమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. ఆ చూపులో కాస్త నవ్వు ఉందేమోనని నేను ఆశపడ్డాను.

"నువ్వు బతికే ఉన్నవ్ గదా బిడ్డా," అంది.

చీర తీసుకెళ్ళి అల్మారాలో పెట్టాను. కింద ఉన్నవాటిలో ఒకటి మడత దగ్గర పట్టు చిట్లింది. వక్కరంగుదే. ఒక్కసారి కూడా ఒంటి మీదికి రాకుండానే పాతబడుతోంది.